పీఈటీ మాస్టారి ఈల

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆఖరి పీరియడ్. ఆడపిల్లల చేత పీఈటీ మాస్టారు సున్నపు పొడితో కబడ్డీ కోర్టు గీయిస్తారు. గీత వంకర పోతే గీసినవాళ్లే చెరిపి మళ్లీ గీయాలి.

మాస్టారి అసలు పనితనం ఆటలో కనిపిస్తుంది. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే, మూడో కూతకెళ్లిన పిల్ల పాయింటైనా తేవాలి, అవుటైనా అవ్వాలి. ఉన్నది 30 సెకన్లే. ఎవరిని పంపాలో మాస్టారికి తెలుసు. చెప్పరు. ఎనిమిదో తరగతి కెప్టెన్ వైపు చూసి ఊరుకుంటారు. అలా నోరు మెదపకుండా ఉండటం మాటలా! పాయింటు పోతే పోనిస్తారు. ఆట అయ్యాక పక్కకు పిలిచి, "ఏమ్మా, తననే ఎందుకు పంపావ్?" అని అడుగుతారు. అందరిముందూ మాత్రం అడగరు.

బడి పిల్లలను పెద్ద శిఖరాల దాకా నడిపించిన శిక్షకులూ ఉన్నారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ వయసు 13 ఏళ్లు. పర్వతారోహణ శిక్షకుడు శేఖర్‌బాబు దగ్గర ఆమె తొలి పాఠాలు భువనగిరి కొండరాళ్ల మీదే.

మళ్లీ మన కబడ్డీ కోర్టుకొస్తే, క్లాసులో పెదవి విప్పని పిల్లను మాస్టారు కార్నర్‌లో నిలబెడతారు. కూతకొచ్చిన పిల్ల మడమ ఎప్పుడు పట్టాలో ఆమె ఇష్టం. ఆమె చేయి పట్టుకుని పక్కన నిలబడ్డ కవర్ పిల్ల ఆమె వెంటే కదలాలి. మండల పోటీలకు బస్సెక్కేటప్పుడు హాజరు పిలిచేదీ ఆమే. మాస్టారు డ్రైవరు వెనక సీట్లో కునుకు తీస్తుంటారు.