పస్తు పొద్దునా, సాయంత్రమా?

గుంతకల్లు వైపు మనిషికి పస్తుండటం ఎవరూ నేర్పనక్కర్లేదు. 1876-78 ధాత కరువు ఘోరంగా దెబ్బతీసిన జిల్లాల్లో బళ్లారి ఒకటి, అప్పట్లో మేమూ అందులోనే ఉంటిమి. అనంతపురం విడి జిల్లా అయింది 1882లో. కరువు లేని ఏళ్లలో దేవుడున్నాడు: శనివారం కసాపురం ఆంజనేయస్వామికి ఒక్కపొద్దు, ఆపైన ఏకాదశి, శివరాత్రి. ఇప్పుడు ఆ పస్తే ఫోనులోంచి '16:8' అనే పేరుతో తిరిగొచ్చింది. పదహారు గంటలు కడుపు మాడ్చుకోవాలి, మిగిలిన ఎనిమిది గంటల్లో తినాలి. దాంతో షుగరు దిగిపోతుందని టీ కొట్టు దగ్గర కూడా చెబుతున్నారు.

దిగుతుంది, కొందరికి. చైనాలో 405 మంది మీద చేసి 2024లో ప్రచురించిన పరిశోధనలో, '16:8' కాకుండా వారానికి రెండు రోజులు తిండి బాగా తగ్గించినవాళ్లకు పదహారు వారాల్లో మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ 1.9 పాయింట్లు తగ్గింది. మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లకు తగ్గింది 1.6. మాత్రను పస్తు ఓడించిందన్నమాట. అయితే వాళ్లంతా షుగరు కొత్తగా బయటపడ్డవాళ్లు, ఒళ్లున్నవాళ్లు, అప్పటికి మందులు వాడనివాళ్లు. మా వీధిలో శనివారం తప్పకుండా ఒక్కపొద్దుండే పెద్దమ్మ సంగతి వేరు. మనిషి పుల్లలా ఉంటుంది. షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. లేవగానే మాత్రలు మింగి గానీ పని మొదలుపెట్టదు.

ఒక శనివారం పదకొండు గంటలప్పుడు ఆమె అరుగు మీద చతికిలబడిపోయింది. జాకెట్టు తడిసిపోయేంత చెమట. చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది.

"ఏమ్మా, ఒక్కపొద్దుండి మాత్ర ఏసుకుంటివా?"

"ఏసుకోకుంటే ఎట్లప్పా? ఏ పొద్దూ మానొద్దని డాక్టరు చెప్పినాడు గదా."

వేలు పొడిచి చూస్తే 58. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటాగి మళ్లీ చూస్తే 90 దాటింది. ప్రాణం కుదుటపడ్డాక ఆమె దిగులు ఒకటే, స్వామికి నైవేద్యం పెట్టకముందే నోట్లో చక్కెర పడిందని.

ఆమె మాత్రల్లో ఒకటి గ్లిమెపిరైడ్. అది క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్ తెప్పిస్తుంది. ఆ పూట అన్నం తింటారో లేదో దానికి అనవసరం. ఇన్సులిన్ ఇంజెక్షనూ అంతే. మెట్‌ఫార్మిన్ గుణం వేరు. ఒంటరిగా వాడితే అది చక్కెరను అంత లోతుకు పడేయడం అరుదు. కాబట్టి షుగరున్నవాళ్లు పస్తుండొచ్చా అని నన్నెవరైనా అడిగితే, ముందు మీ మాత్రల పట్టీ చూపించమంటాను. పంచాంగం, ఫోనూ ఆ తర్వాత. ఏకాదశికి వారం ముందే డాక్టరు దగ్గరికి పోతే ఏ మాత్ర ఆపాలో, ఏది సగం చేయాలో, దేన్ని భోజనం పూటకు జరపాలో ఆయన చెబుతాడు. మనంతట మనం ఆపేసుకుంటే అది ఇంకో రకం ప్రమాదం.

మాత్ర తర్వాత విస్తరి. మధ్యాహ్నం పూజయ్యాక పస్తు విడిచేటప్పుడు తెల్లన్నం కుప్ప, సగ్గుబియ్యం పాయసం, పండగైతే ఓళిగలు రెండు. సగ్గుబియ్యమంటే దాదాపు పిండే, ఇంకేమీ లేదు. రాత్రి పూట ఇంకా తమాషా. ఒక్కపొద్దు కదా, రెండోసారి అన్నం ముట్టకూడదు, అందుకని ఉగ్గాని! బొరుగులు నీళ్లలో వేసి పిండి, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డల పోపులో తిప్పి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ. మా ఊరి టిఫిన్లలో నాకు దాన్ని మించింది లేదు. కానీ బొరుగులు బియ్యం కాక మరేమిటి? పేలి ఉబ్బినందువల్ల అన్నం కంటే తొందరగా అరుగుతాయి, షుగరునూ అంతే తొందరగా ఎక్కిస్తాయి. దేవుడి లెక్కలో అది అన్నం కాకపోవచ్చు, నెత్తురు లెక్కలో అన్నమే. కొర్రన్నంలోకి పప్పు, ఆకుకూర, గుప్పెడు చెనిక్కాయలు పెట్టుకుంటే వ్రతమేమీ చెడదు.

ఇంతకీ పొద్దున మాడి మధ్యాహ్నం తినడం షుగరుకు మంచి పద్ధతి కాదనే నాకనిపిస్తుంది. ఇజ్రాయెల్‌కు చెందిన దానియెలా యాకుబోవిచ్ బృందం 2015లో టైప్-2 షుగరున్నవాళ్లను ఒకరోజు పొద్దున తినిపించి, ఇంకోరోజు మాన్పించి చూసింది. మధ్యాహ్నం పెట్టిన భోజనం రెండు రోజులూ ఒకటే. పొద్దున మానేసిన రోజు ఆ భోజనానికే షుగరు చాలా ఎక్కువ ఎగిసింది, రాత్రి భోజనానికీ అంతే. అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయం దీన్ని తిరగేసి చూసింది. షుగరు అంచున ఉన్న మగవాళ్లకు రోజు తిండంతా ఆరు గంటల్లో, మధ్యాహ్నం మూడులోపే ముగించారు. ఐదు వారాలకు బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితనం మెరుగైంది. ఉన్నది ఎనిమిది మందే, 2018 నాటి చిన్న పరిశోధన. దాన్ని పట్టుకుని ఊరేగక్కర్లేదు గానీ, దారి ఎటు వైపో తెలుస్తోంది.

ఆ దారి మాకు ఇంటి పక్కనే ఉంది. ఉరవకొండ రోడ్డున పోతే కొనకొండ్ల వస్తుంది. జైన గురువు కుందకుందాచార్యుడి ఊరు అదేనని ప్రతీతి. అక్కడి రససిద్ధుల గుట్ట మీద తీర్థంకరుల శిల్పాలు ఇప్పటికీ ఉన్నాయి. పొద్దు గూకాక జైనులు తినరు. దీపం చుట్టూ మూగే పురుగు కూడా నోట్లో పడి చావకూడదన్నది వాళ్ల అహింస, షుగరుతో దానికి సంబంధమే లేదు. అయినా మా చుట్టూ ఉన్న ఉపవాసాలన్నిటిలో షుగరు ఒంటికి బాగా కుదిరేది అదేనేమో. పొద్దున సంగటో రొట్టో తిని, సాయంత్రం ఆరింటికల్లా చెయ్యి కడిగేసుకోవడం. అందులో పుణ్యం కనబడదు, నలుగురికీ చెప్పుకోను ఏమీ ఉండదు, బహుశా అందుకే ఎవరూ చేయరు.

రైల్వే ఊళ్లో ఇది చెప్పినంత సులువు కాదని నాకూ తెలుసు. అర్ధరాత్రి కాల్ వస్తే లేచి లాబీకి పోయి సైన్ ఆన్ చేసే లోకో పైలట్‌కు పొద్దు గూకడం ఏమిటి, పొడవడం ఏమిటి? వాళ్లకు '16:8' చెప్పేవాళ్లను ఒక్క రాత్రి గూడ్సు బండెక్కించాలి. అరుగు మీది మనిషికి 58 వస్తే చక్కెర నీళ్లు తాగించడానికి పక్కన నేనుంటిని. ఇంజనులో అదే వస్తే? డ్యూటీ ముందు ఓ రొట్టె, పప్పూ తిని, నడిరాత్రి టీ, బజ్జీలు మానేస్తే చాలు వాళ్లకు. గంటల లెక్క డ్యూటీ లేని రోజుల్లో చూసుకోవచ్చు.

రంజాన్‌లో రోజా ఉండేవాళ్ల కోసం వైద్యులు రాసిపెట్టిన నియమాలు అందరికీ పనికొస్తాయి. పదమూడు దేశాల్లో జరిపిన ఎపిడయర్ అధ్యయనంలో, రంజాన్ నెలలో టైప్-2 వాళ్లకు తీవ్రంగా షుగరు పడిపోవడం ఏడున్నర రెట్లు పెరిగిందని తేలింది. అందుకే 70 కంటే దిగినా, 300 దాటినా ఆ క్షణమే రోజా విడవమంటారు. వేలు పొడిచి చూసుకుంటే రోజా చెడదని మతపెద్దలే చెబుతున్నారు. టైప్-1 వాళ్లు, గర్భిణులు, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు ఈ జోలికే పోకూడదు. ఇంకొక మాత్ర ఉంది, డాపాగ్లిఫ్లోజిన్. 2020లో పేటెంటు తీరాక చవకై ఇంటింటికీ వచ్చింది. చక్కెరను మూత్రంలో పంపిస్తుంది, దాంతోపాటు నీళ్లనూ పంపిస్తుంది. మా ఏప్రిల్ ఎండల్లో అది వేసుకుని, చుక్క నీళ్లు తాగకుండా ఉపవాసమంటే ఒళ్లు ఎండిపోతుంది, కీటోన్లనే ఆమ్లాలు నెత్తురులో పేరుకునే ముప్పూ ఉంది. వేసుకుంటున్నది అదో కాదో తెలియాలంటే డాక్టరు దగ్గరికి పట్టీ పట్టుకునే పోవాలి. ఉత్త చేతులతో పోయి "ఆ పసుప్పచ్చ మాత్ర సార్" అంటే ఆయన మాత్రం ఏం చెబుతాడు?