అనుబంధమా, అంగమా?

పాత వీడియో గేమును పునర్నిర్మించేటప్పుడు ఏ అదనపు అంశాలను నిలుపుకోవాలి? క్యాప్‌కామ్ సంస్థ దీనికి రెండు భిన్నమైన సమాధానాలిచ్చింది. 1998 నాటి ‘రెసిడెంట్ ఈవిల్ 2’ కథను నేర్పుగా ముగించినవారికి ‘ఫోర్త్ సర్వైవర్’ దక్కేది. అందులో దారిలో తూటాలు దొరకవు. ఉన్నవాటితోనే మురుగుకాలువల నుంచి బయటపడాలి. 2019 నాటి పునర్నిర్మాణం దీనిని పదిలపరచింది. 1999 నాటి మూడవ భాగంలోని ‘మెర్సినరీస్’ను మాత్రం 2020 నాటి రూపం విడిచిపెట్టి, ‘రెసిస్టెన్స్’ అనే ఆన్‌లైన్ ఆటను జతచేసింది.

పరిమాణంలో ఇది లోటు కాదు, స్వభావంలో లోటే. శత్రువు కూలినప్పుడల్లా గడువు పెంచే మెర్సినరీస్, భయపడుతూ దాటిన వీధుల్లోనే తెగువను నేర్పేది. రెసిస్టెన్స్ ఆకర్షణ తోటి ఆటగాళ్ళ సంఖ్యపై ఆధారపడినది. కొత్త దుస్తుల వంటి అలంకారాలు పోయినా నష్టం లేదు. గడించిన నేర్పును మరో కోణంలో పరీక్షించేది మాత్రం అనుబంధం కాదు, ఆటలో అంగమే.