పాత ఉంగరానికి కొత్త తోడు

బ్రిటన్‌లో 1920లు, 30లలో చేసిన నిశ్చితార్థపు ఉంగరం ఏదైనా చేతికి దొరికితే లోపలి వైపు భూతద్దం పెట్టి చూడండి. చాలావాటి మీద ‘18 సిటి, ప్లాట్’ అన్న ముద్ర ఉంటుంది. వేలిని చుట్టి ఉండే భాగం పద్దెనిమిది కారెట్ల బంగారం, పైన రవ్వలు పొదిగిన భాగం ప్లాటినం. పసుపు లోహంలో కూర్చోబెడితే తెల్ల రవ్వకు ఆ ఛాయ అంటుతుంది, ప్లాటినంలో అంటదు. పైగా సన్నటి పళ్లతోనే రాయిని గట్టిగా పట్టి ఉంచుతుంది. కాకపోతే ఖరీదు. అందుకే చూపు ఆనే చోట మాత్రం ప్లాటినం వేసి, మిగతాది బంగారంతో సరిపెట్టారు. మధ్యతరగతి తెలివి ఏ దేశంలోనైనా ఒకటే.

అలాంటి ఉంగరమే మా అక్క కూతురి వేలికి వచ్చింది. పెళ్లికొడుకు ఇంగ్లీషు అబ్బాయి, ఉంగరం వాళ్ల తాతమ్మది. ఇంగ్లీషు పద్ధతిలో పెళ్లినాడు ఇంకో ఉంగరం తొడుగుతారు. రెండూ ఒకే వేలికి, ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి. “పిన్నీ, రెండోది తెల్లగా ఉండాలా, పసుపుగానా?” అని అడిగింది పిల్ల.

గాజులైనా, కమ్మలైనా, మట్టెలైనా ఒకే చేత్తో ఒకే రోజు చేసిన జంటలే మనకు అలవాటు. కాబట్టి కళ్లు మొదట పోలికనే వెతుకుతాయి. తొంభై ఏళ్లు దాటిన ఉంగరం పక్కన కొత్తది పెట్టేటప్పుడు మాత్రం రంగు కంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఈ రెండూ రాసుకుంటే అరిగేది ఏది?

ఉంగరాలు అరుగుతాయి. గిన్నెలు తోముతున్నా, స్టీరింగ్ తిప్పుతున్నా రెండూ ఒకదాని మీద ఒకటి కదులుతూనే ఉంటాయి. మెత్తని లోహం గట్టిదానికి లొంగుతుంది. అన్నిటికంటే ప్రమాదం చుట్టూ రవ్వలు పొదిగిన ఉంగరం. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా చూపించేది దాన్నే. వజ్రాన్ని మించిన గట్టి రాయి లేదు. ఆ రవ్వల అంచు పక్కనున్న పాత బంగారాన్ని ఆకురాయిలా తినేస్తుంది. అసలే ఏళ్ల తరబడి అరిగి పలచబడిన చుట్టు అది.

నేనుండే బర్మింగ్‌హామ్‌లో నగల పనివాళ్ల పేటే ఒకటుంది, జ్యువెలరీ క్వార్టర్ అంటారు. నగల నాణ్యం పరీక్షించి ముద్ర వేసే కార్యాలయం ఈ ఊళ్లో 1773లోనే పెట్టారు. దాని గుర్తు లంగరు. ఊరికి సముద్రం దరిదాపుల్లో లేకపోయినా లంగరే! ఆ పేటలో ఒక పనివాడి దగ్గరకు పిల్లని తీసుకెళ్లాను. అతని బల్ల అంచుని అర్ధచంద్రాకారంలో కోసి, కింద తోలు వేలాడదీశారు, రాలిన బంగారు పొడి నేలపాలు కాకుండా. మన కంసాలి కొట్టు ఊడ్చిన దుమ్ము కొనుక్కుని కడుక్కునేవాళ్లు గుర్తొచ్చారు.

అతను కొత్త ఉంగరాలేవీ బయటికి తీయలేదు. పాతదాన్ని పట్టుకుని రవ్వల పళ్లు ఒక్కొక్కటే చూశాడు. ఒక పన్ను మొన అరిగి, రాయి వదులైంది. ముందు ఇది బాగుచేయాలి, మెరుగు మాత్రం పెట్టించవద్దు అన్నాడు. మెరుగు పెట్టిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది. పొదుగు అంచు వెంట వరుసగా ఉండే సన్నటి గుళ్లు అరిగి నున్నబడితే ఆ కాలపు పనితనమంతా పోయినట్టే. కొత్తది కొనడానికి వెళ్లిన మనిషికి పాతదాని వైద్యం ముందు చెప్పేవాడు దొరకడం అదృష్టం.

తెల్ల బంగారం నాకు మొదటినుంచీ నచ్చలేదు. మీద రోడియం పూత ఉంటుంది, కొత్తలో అద్దంలా మెరుస్తుంది. పాత ప్లాటినానిది బూడిద ఛాయ కలిసిన తెలుపు. రెండూ పక్కపక్కన పెడితే పాతది మాసినట్టు కనిపిస్తుంది. కొన్నేళ్లకు పూత పోయి మళ్లీ వేయించాలి కూడా. పాత ఉంగరం ఒంపుకు సరిగ్గా అమరేలా వంచి చేసేవి ఉన్నాయి. ముచ్చటగానే ఉంటాయి గానీ, పాతది తీసి దాచిన రోజు ఆ వంకర ఉంగరం ఒంటరిగా ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెంటినీ టంకం వేసి అతికిస్తే రాపిడే ఉండదనీ కొందరంటారు. రేపు ఏది చెడినా రెంటినీ కోయాల్సిందే.

ఈలోపు విజయవాడ నుంచి అక్క ఫోన్. “పద్దెనిమిది కారెట్లంటే పావు వంతు రాగీ వెండీనేగా? శుభమా అని పెళ్లి చేస్తూ అది తొడుగుతామా? 916 చేయించవే.” ఛాదస్తం అనుకుని పనివాడికి చెబితే, ఆవిడ మాటే సబబు అన్నాడు! యుద్ధానికి ముందు ఇంగ్లీషు పెళ్లి ఉంగరాల్లో ఇరవైరెండు కారెట్లవే మేలైనవట. 1942లో ప్రభుత్వం కొత్త పెళ్లి ఉంగరాలను తొమ్మిది కారెట్లకు దించేసింది. ఇరవైరెండు కారెట్లది మెత్తన. అరిగితే కొత్తదే అరుగుతుంది, తాతమ్మది నిలుస్తుంది. మన మేలిమి పిచ్చి ఇక్కడ పనికొచ్చింది.

ఆ కాలపు సాదా పెళ్లి ఉంగరమే పాతదొకటి కొనవచ్చు. రాళ్ల ఉంగరాలకు అప్పట్లో నాణ్యపు ముద్ర తప్పనిసరి కాదు గానీ, పెళ్లి ఉంగరాలకు 1855 నుంచీ తప్పనిసరి. ముద్రలోని అక్షరాన్ని బట్టి ఏ ఏటిదో చెప్పేస్తారు. పనితనం దృష్టితో చూస్తే నా ఓటు దీనికే. అక్క ఒప్పుకోలేదు. “తాతమ్మ నగ ఇంటిదే, దీవెన. అంగట్లోది ఎవరి పెళ్లిదో, ఏ కష్టంలో అమ్ముకున్నారో!” దీనికి నా దగ్గర జవాబు లేదు. నాణ్యానికి ముద్ర ఉంది గానీ ఇలాంటివాటికి లేదు.

చివరికి రెండు మిల్లీమీటర్ల వెడల్పున, రాళ్లూ నగిషీ లేని కొత్త ఇరవైరెండు కారెట్ల ఉంగరానికే అందరం ఒప్పుకున్నాం. పాతదాని కింది చుట్టు వెడల్పూ అంతే, రంగు దాదాపు అదే. పొదుగు కిందికి ఉండటం వల్ల రెంటి మధ్య సన్నటి సందు మిగిలింది. ఆ సందు గురించి పెళ్లికూతుళ్లు నిద్ర మానుకుంటారు గానీ, వేలికి ఉన్నప్పుడు పక్కవాళ్లకు కనబడదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పని పడితే ఫొటో పంపి ఆన్‌లైన్‌లో కొనకండి. పొదుగు ఎత్తు, చుట్టు మందం ఫొటోలో తెలియవు. రెండు ఉంగరాలు కలిసి వేలికి బిగుతవుతాయి, కాబట్టి కొలత కూడా రెండూ తొడుక్కునే ఇవ్వాలి. పాత ఉంగరాన్ని వెంట తీసుకెళ్లండి.