‘నిర్వాహకుడు’లో దాగిన సర్వాధికారి: డేటాబేస్ పరిభాషపై ఒక విమర్శ

కీలక పదాలు: పరిభాష, సంకేతపదం, రూట్, దస్తరం, ఇందల్వాయి

సాంకేతిక పరిభాషను విమర్శించేటప్పుడు పదం సంస్కృతమా, తెలుగా అన్న చర్చ దగ్గరే మనం ఆగిపోతున్నాం. ఆ పదం తన వెనుకనున్న అధికారాన్ని తెలియజేస్తున్నదా అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. డేటాబేస్ సర్వర్‌ను స్థాపించాక నిర్వాహకుడి సంకేతపదాన్ని ఏర్పరచే సందర్భం ఇందుకు తగిన ఉదాహరణ.

నిజామాబాదు జిల్లా ఇందల్వాయిలో ఒక పసుపు వ్యాపారి రైతుల తూకాలు, బాకీలు నమోదు చేయడానికి మైఎస్‌క్యూఎల్ స్థాపించుకున్నాడనుకుందాం. అందులో ‘రూట్’ అనే ఖాతా ముందే ఉంటుంది. పాత వెర్షన్లలో సాధారణంగా దానికి సంకేతపదమే ఉండేది కాదు. 2015లో వచ్చిన 5.7 వెర్షన్ నుండి సర్వరే ఒక తాత్కాలిక సంకేతపదాన్ని కల్పించి లాగ్‌లో రాస్తుంది. దాన్ని మార్చనిదే తక్కిన పనులు సాగనివ్వదు. ఈ ఖాతాతో ప్రవేశించినవారు ఏ రైతు బాకీనైనా మార్చవచ్చు, మొత్తం పట్టికనే తుడిచివేయవచ్చు.

తెలుగు వికీపీడియాలో ‘నిర్వాహకుడు’, ‘సంకేతపదం’ అన్న మాటలు స్థిరపడ్డాయి. అక్కడి నిర్వాహకులను సముదాయమే ఎన్నుకుంటుంది. వారి చర్యలు చిట్టాలో అందరికీ కనిపిస్తాయి. కనుక ఆ మాట అక్కడ సార్థకం. రూట్‌కు సర్వర్‌లో పైనుండి అడిగేవారు లేరు. పైగా ఉబుంటులో సాధారణంగా, ఆపరేటింగ్ సిస్టమ్ రూట్ వాడుకరిని గుర్తించి, సంకేతపదం అడగకుండానే లోపలికి పంపుతుంది. అంటే సంకేతపదం లేకపోయినా అధికారం పోదు.

తెలంగాణకు ఈ అనుభవం కొత్తది కాదు. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యేదాకా దస్తరం ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వారిది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలోని కరణం బలం కూడా అలాంటిదే. దస్తరానికి తాళం ఉందా అన్నదానికంటే, తాళంచెవి ఎవరిదన్నదే రైతుకు ముఖ్యం.

ముగింపు: రూట్‌ను ‘సర్వాధికారి’ అని, పరిమిత అనుమతులున్న ఖాతాదారును ‘నిర్వాహకుడు’ అని వేరుచేయడం అవసరం. అప్పుడు వ్యాపారి సర్వాధికారి సంకేతపదాన్ని తనవద్దే ఉంచుకొని, గుమాస్తాకు నమోదు మాత్రమే చేయగల ఖాతా ఇవ్వాలన్న వివేకం ఆ మాటలోనే స్ఫురిస్తుంది. పరిభాష చేయవలసిన పని అదే.