ఆకులోనూ, మాత్రలోనూ

ఆకుకూర తినమని చెప్పని పెద్దవాళ్లు తెలుగునాట ఉండరు. ఎలా వండితే అది ఒంటికి పడుతుందో, ఎక్కడిదాకా దాన్ని నమ్ముకోవచ్చో విడమరిచి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. రోజూ పొయ్యి దగ్గర నిలబడే మనిషిగా నాకు తెలిసినంత ఈ వారం రాస్తున్నాను.

ముందు మన భీమవరం మనిషి గురించి చెప్పాలి. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు యువకుడిగా ఉన్నప్పుడే ఇద్దరు సోదరులను స్ప్రూ అనే జబ్బు పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటపట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోయి మనిషి శల్యమైపోతాడు. ఆ జబ్బు ఆయననూ పట్టుకుంది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బయటపడ్డారు. 1923లో అమెరికా వెళ్లారు. 1941లో టెక్సస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి రవ్వంత పదార్థాన్ని వేరుచేసి, దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఆ తర్వాత నాలుగైదేళ్లలో లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపించిన బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అదే మందయింది. తోడబుట్టినవాళ్లను తీసుకుపోయిన జబ్బుకు మందు చేసిన పనిలో ఆయన చెయ్యి ఉంది. మన పెరట్లో పెరిగే ఆకులోనూ ఆ జాతి పదార్థమే ఉంది, దాన్ని ఫోలేట్ అంటారు. ఈ సంగతి చదివినప్పటినుంచి తోటకూర కట్టను నేను ఇదివరకటిలా చూడలేకపోతున్నాను.

ఇక వంట సంగతి. ఆకులోని ఈ ఫోలేట్ నీళ్లలో కరుగుతుంది, ఎక్కువసేపు ఉడికితే నశిస్తుంది. కాబట్టి ఆకును ముందు కడిగి తర్వాత తరగాలి. నేనైతే వేళ్లు కోసేసి, వెడల్పాటి గిన్నె నిండా నీళ్లు పోసి, కూరను ముంచి పైకి తేలుస్తాను. మట్టి అడుక్కు దిగుతుంది. గిన్నె వంచి నీళ్లు పారబోయకుండా, కూరనే చేత్తో పైకి తీయాలి. లేదంటే దిగిన మట్టి మళ్లీ ఆకుకే పడుతుంది. అడుగున ఇసుక కనబడకుండా పోయేదాకా నీళ్లు మార్చాలి. తరిగాక మళ్లీ కడగకూడదు, ఉడికించిన నీళ్లు వార్చకూడదు.

ఈ లెక్కన చూస్తే మన పప్పుకూరను మించిన వంట లేదు. కందిపప్పు ముందే మెత్తగా ఉడికి ఉంటుంది. ఆకు, పచ్చిమిర్చి, చింతపండు వేసి మూతపెడితే కాసేపట్లో మగ్గిపోతుంది. ఊరిన నీరంతా పప్పులోనే కలుస్తుంది. పైన ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లితో నూనె పోపు పడుతుంది. ఆ పోపు రుచికే అనుకుంటాం గానీ, ఆకులోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే ఎంతో కొంత కొవ్వు ఉండాలి. విటమిన్ ఏ తయారయ్యేది ఆ కెరోటిన్‌తోనే. రేచీకటికి అవిసె ఆకు పెట్టిన పాతకాలపు వాళ్లు ఊరికే పెట్టలేదు.

ఇనుము దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త కావాలి. మాంసంలో ఉన్న ఇనుము పట్టినంత తేలిగ్గా ఆకులోది పట్టదు. విటమిన్ సి తోడుంటే ఎక్కువ పడుతుంది. అందుకే పప్పు దింపి, కాస్త వేడి తగ్గాక నిమ్మచెక్క పిండుతాను. కాకపోతే అన్నంలో ఉసిరికాయ పచ్చడి ఉన్నా సరే. భోంచేసి చెయ్యి కడిగిన వెంటనే టీ తాగితే ఈ శ్రమలో చాలాభాగం వృథా. టీలోని పదార్థాలు ఇనుమును పట్టి ఆపేస్తాయి. గంట ఆగి తాగితే మంచిది.

మనకు ఆకుల కరువు లేదు. ఆషాఢంలో మునగాకు, వినాయక చవితికి తెలంగాణ ఇళ్లలో తుమ్మికూర, ఎండాకాలం మొదట్లో చింతచిగురు. పొన్నగంటి, గంగవాయిలి, చెంచలి లాంటివి ఎవరూ విత్తకుండానే చేలల్లో మొలుస్తాయి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసే మహిళా రైతులు ఇలాంటి కూరలు పదుల రకాలు గుర్తుపట్టి చెబుతారు. మనం కలుపు అని పేరుపెట్టి గడ్డిమందు కొడుతున్నది చాలాచోట్ల వీటిమీదే. డబ్బులు పెట్టకుండా దొరికే కూరను డబ్బులు పెట్టి చంపుకుంటున్నాం.

ఇంత ప్రేమతో చెప్పాక ఇంకో మాట కూడా చెప్పకపోతే తప్పవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అలాంటప్పుడు "మాత్రలు వేడి చేస్తాయి, దానికి బదులు మునగాకు తింటున్నా" అనే మాట విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది. ఆకుకూర రక్తం తగ్గకుండా కాపు కాస్తుంది. బాగా తగ్గిపోయిన రక్తాన్ని నెలల్లో పైకి తేవడం దానివల్ల కాదు. గర్భిణికి ప్రభుత్వం ఇచ్చే మాత్ర ఒక్కొక్కదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. అవి కనీసం 180 రోజులు వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాము, మెదడు రూపుకట్టే నాళం గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే బిడ్డ కావాలనుకున్న రోజు నుంచే డాక్టరును అడిగి ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టాలి. ఆకుకూర తినడం ఎటూ మానకూడదు. ఇనుము మాత్రతో వికారంగా ఉంటే ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి. టీతోనో పాలతోనో కాకుండా నిమ్మరసంతో వేసుకోండి.

ఆకుతో జాగ్రత్తపడాల్సినవాళ్లూ ఉన్నారు. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు ఉన్నవాళ్లు పాలకూర విషయంలో వైద్యుడి మాట వినాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒకవారం ఎక్కువ, ఒకవారం అసలు లేకుండా తినకూడదు. రోజూ ఒకే మోతాదులో తినాలి. ఆహారానికి బలం ఉందని నమ్మేవాళ్లం దాని హద్దులు కూడా ఒప్పుకోవాలి.

వంటింటికీ ఆసుపత్రికీ పోటీ పెట్టేవాళ్ల మాట నమ్మకండి. ఆకులో ఉన్నదీ మాత్రలో ఉన్నదీ ఒకే జాతి పదార్థం. ఆకు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఇస్తుంది, మాత్ర అవసరానికి సరిపడా ఒకేసారి ఇస్తుంది. ఈ వారం మీ ఇంట్లో ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఫలితం ఏదైనా సరే, ఆ రాత్రికి పప్పుకూర వండండి.