దిక్కులేని దేవుడు

కెనడా శిల్పి తిమోతీ ష్మాల్ట్స్ కంచులో పోసిన ఒక శిల్పానికి తెలుగు పేరు కావలసి వచ్చినది. ఇల్లు లేని యేసు అని దాని ఆంగ్ల నామానికి అర్థం. 2013లో టొరంటోలోని రీజిస్ కళాశాల దానికి చోటిచ్చినది. అంతకుముందు రెండు పెద్ద చర్చీలు వద్దన్నవి. బల్ల మీద ఒక మనిషి దుప్పటి ముసుగుపెట్టి పడుకొని ఉన్నాడు. ముఖం కనబడదు. దుప్పటి దాటి వచ్చిన పాదాలకు మేకుల గాయాలున్నవి, అవే ఆనవాలు.

మొదట 'నిరాశ్రయుడైన యేసు' అని వ్రాసి కొట్టివేసినాను. అది వరదల వార్తలలో వాడే మాట. 'నిలువనీడ లేని' అన్నది చక్కని జాతీయమే. కాని ఈ మనిషి నిలిచి లేడు. పోనీ, 'ఇల్లు లేని' అందామా? నేనుండే భిలాయిలో ఆ మాట మరీ చిక్కు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఈ ఉక్కు పట్టణంలో తెలుగు కుటుంబాలెన్నో కర్మాగారపు క్వార్టర్లలో కాపురం చేసినవి. ఉద్యోగం ముగియగానే తాళంచెవి అప్పగించవలసిన కప్పు అది. అందులో ముప్పై ఏళ్లుండి, పిల్లల పెళ్లిళ్లు చేసి కూడ, 'మా ఇల్లు' అని శ్రీకాకుళం వైపు పల్లెనే చెప్పేవారిని ఎరుగుదును. ఇల్లు వేరు, కప్పు వేరు. బల్ల మీది మనిషికి రెండూ లేవు.

చివరకు సామెత దారి చూపినది. దిక్కులేనివానికి దేవుడే దిక్కు అంటాము. ష్మాల్ట్స్ ఆ దేవునినే దిక్కులేనివానిని చేసినాడు. జాషువా 'గబ్బిలం' (1941) నాయకుడు దరిద్రుడు, అస్పృశ్యుడు. అయినా మొర పంపుకొనడానికి అతనికి కాశీలో విశ్వనాథుడున్నాడు. ఇక్కడ మొర వినవలసినవాడే బల్ల మీద పడుకొన్నాడు. ఇక వినవలసినది దారిన పోయేవాడు.

గాయాల విషయంలో మాత్రం శిల్పితో నాకు పేచీ ఉన్నది. ఆనవాలు చూచి మ్రొక్కేవాడు, ఆనవాలు లేని మనిషిని దాటిపోడా? మత్తయి సువార్తలోని తీర్పు ఘట్టంలో దోషులు చేసిన తప్పు సరిగా అదే. ఆకలిగొన్నవానిలో ప్రభువును పోల్చుకొనలేదు. గాయాలు చెక్కి శిల్పి ప్రశ్నతోపాటు జవాబును కూడ చేతికిచ్చినాడు. అయితే 2014లో అమెరికాలోని డేవిడ్సన్ పట్టణంలో ఒక చర్చి వద్ద ఈ శిల్పాన్ని నిలిపినప్పుడు, ఎవరో నిజమైన మనిషే అనుకొని పోలీసులకు కబురు చేసినారట. ఆ కళ్లకు గాయాలు ఆననే లేదు! నా పేచీలో సగం అక్కడ వీగిపోయినది.

మిగిలిన సగాన్ని ఆ బల్లే తీర్చినది. పాదాల దగ్గర ఒకరు కూర్చునేంత చోటు శిల్పి ఖాళీగా వదిలినాడు. అక్కడ కూర్చున్నవాడు గాయాలను చూడక తప్పదు. ముఖం మాత్రం అప్పటికీ కనబడదు.

'దిక్కులేని యేసు' అని పేరు ఖాయం చేసి, చర్చికి వెళ్లే మిత్రునికి చూపినాను. మాట సరిగానే ఉన్నది కాని, పలకడానికి నోరు రావడం లేదన్నాడు.