నేపథ్యం తేల్చాకే గెలాక్సీ

మాదాపూర్‌లో పేమెంట్ల సర్వర్లకు కాపలా కాయడం నా ఉద్యోగం. అందులో నేను మొట్టమొదట నేర్చుకున్నది బేస్‌లైన్. మామూలు రోజున లోడు ఎంతుంటుందో తెలియకపోతే, ఏ అలర్ట్ నిజమో ఏది ఉత్తదో చెప్పలేం. ఒకటో తారీఖు బేస్‌లైన్ వేరు, దసరా అమ్మకాల వారం బేస్‌లైన్ వేరు. ఆ అలవాటుతోనే కొంతకాలంగా, షిఫ్టు అయ్యాక, ఆస్ట్రోశాట్ ఉపగ్రహం తీసిన అతినీలలోహిత చిత్రాలు తెరిచి కూర్చుంటున్నాను. గెలాక్సీల వెలుగు కొలవడంలో సగానికి పైగా శ్రమ గెలాక్సీ మీద కాదు, దాని చుట్టూ ఉన్న నేపథ్యం మీదే. ఈ పనిలో నాకు నచ్చిందీ అదే.

ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబర్ 28న మన శ్రీహరికోట నుంచే పైకి వెళ్లింది. అందులోని అతినీలలోహిత టెలిస్కోప్ యూవిట్‌ది 37.5 సెంటీమీటర్ల అద్దం. హబుల్‌ది 2.4 మీటర్లు. అయినా పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాకు చెందిన కనక్ సాహా బృందం ఆ చిన్న అద్దంతోనే, 2016 అక్టోబర్‌లో ఆకాశంలో ఒకే చోటును 28 గంటల పాటు చూసి, ఏయూడీఎఫ్‌ఎస్01 అనే గెలాక్సీ నుంచి తీవ్ర అతినీలలోహిత కాంతిని పట్టుకుంది. ఆ వెలుగు బయల్దేరి 930 కోట్ల ఏళ్లయింది. 2020 ఆగస్టులో ఆ ఫలితం నేచర్ ఆస్ట్రానమీలో వచ్చింది. పెద్ద అద్దానికి దొరకనిది చిన్నదానికి ఎలా దొరికింది? యూవిట్ డిటెక్టర్ సొంత సందడి చాలా తక్కువ. నేపథ్యం నిశ్శబ్దంగా ఉంటే సన్నని గొంతు కూడా వినబడుతుంది.

ఆ కాంతి ఎందుకంత విలువైందంటే, అది మామూలుగా బయటపడదు. 912 ఆంగ్‌స్ట్రామ్‌ల కంటే పొట్టి తరంగాన్ని హైడ్రోజన్ పరమాణువు మింగేసి తన ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుంది. గెలాక్సీల నిండా హైడ్రోజనే. ఏయూడీఎఫ్‌ఎస్01లో మాత్రం అలాంటి కాంతిలో కనీసం 20 శాతం తప్పించుకుని బయటికొచ్చింది. విశ్వం పుట్టిన తొలి వంద కోట్ల ఏళ్లలో గెలాక్సీల మధ్యనున్న హైడ్రోజన్‌ను చీల్చిన కాంతి ఇలాగే కారివచ్చి ఉండాలి. అప్పటి నక్షత్రాలలో బరువు మూలకాలు తక్కువ కాబట్టి అవి మరింత వేడిగా, మరింత పదునైన వెలుగుతో మండేవి. ఆ తర్వాత, సుమారు వెయ్యి కోట్ల ఏళ్ల కిందట, నక్షత్రాల పుట్టుక తారస్థాయికి చేరింది. ఆ కాలపు వెలుగులో ఎక్కువ భాగాన్ని ధూళి మింగి పరారుణంగా తిరిగి వెదజల్లింది. ఇప్పుడు నక్షత్రాలు పుట్టే వేగం అప్పటి దానిలో పదో వంతు దగ్గర ఉంది.

ఇదంతా చెప్పే అంకెలు ఎలా వస్తాయో చూడండి. చిత్రంలో కనిపించే వస్తువులన్నిటినీ కప్పేసి, ఖాళీగా ఉన్న చోట్ల గడులు గీసి ఫోటాన్లు లెక్కపెడతాం. ఖాళీ గడిలో సగటున 100 పడుతుంటే, ఆ సంఖ్య ఊరికే పదేసి అటూ ఇటూ ఊగుతుంది. గెలాక్సీ ఉన్న గడిలో 130 పడ్డాయనుకోండి. ఆ ముప్పైని నమ్మాలా వద్దా అనేది మన నేపథ్యం ఎంత నికరమైందో దాన్ని బట్టే. భూవాతావరణం పైపొరల మెరుపు, గ్రహాల మధ్య ధూళి మీద చెదిరిన సూర్యకాంతి, డిటెక్టర్ సొంత లెక్కలు అన్నీ ఆ వందలోనే కలిసి ఉంటాయి. ఖాళీ అనుకుని గీసిన గడి కింద కంటికి ఆనని మరో గెలాక్సీ ఉంటే నేపథ్యం పెరిగిపోతుంది, అసలు వెలుగు తీసివేతలో కొట్టుకుపోతుంది. గడి ఎక్కడ గీయాలో ఏ ప్రోగ్రామూ పూర్తిగా చెప్పదు. అక్కడే నేర్పు కావాలి.

అతినీలలోహితం వదిలి రేడియో, సబ్‌మిల్లీమీటర్ వైపు వెళ్తే సంగతి ఇంకా లోతుగా ఉంటుంది. విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ నేపథ్యం ఇవాళ 2.7 కెల్విన్. ఏయూడీఎఫ్‌ఎస్01 కాలంలో అది 6.6. ఆ కాంతి శక్తి సాంద్రత ఇప్పటి దానికి 34 రెట్లు. సూపర్‌నోవాలు విసిరిన ఎలక్ట్రాన్లు రేడియో తరంగాలుగా ఇవ్వాల్సిన శక్తిలో కొంత ఆ నేపథ్యపు ఫోటాన్లను ఢీకొని పోగొట్టుకునేవి. ఇంకా వెనక్కి, ఆ తొలి వంద కోట్ల ఏళ్ల చివరికి వెళ్తే గెలాక్సీలోని ధూళి కూడా 19 కెల్విన్ల నేపథ్యపు గోడ ముందు నిలబడి ఉంటుంది. దానికి మించిన వేడి మాత్రమే మనకు కనిపిస్తుంది. ప్రతి యుగానికీ బేస్‌లైన్ కొత్తగా వేసుకోవాల్సిందే.

ఆకాశాన్ని కొలిచే విద్య హైదరాబాద్‌కు కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల బేగంపేటకు మారి, ప్రపంచ ఖగోళ పటం కోసం లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం చీకటి వెతుక్కుంటూ జాపాల్-రంగాపూర్ వెళ్లి, 1968లో అక్కడ 48 అంగుళాల టెలిస్కోప్ నిలబెట్టింది. నగరపు వెలుతురు అక్కడికీ చేరింది. అక్కడి చీకటిని కాపాడుకోలేకపోవడం మనకు నిజమైన నష్టమని నేను గట్టిగా నమ్ముతాను.

అయినా ఈ ఊరు పని ఆపలేదు. లద్దాఖ్‌లోని హన్లేలో 2024 అక్టోబర్‌లో ప్రారంభమైన 21 మీటర్ల గామా కిరణాల టెలిస్కోప్ మేస్‌ను తయారు చేసింది మన ఈసీఐఎల్. దూరపు గామా కిరణాలు దారిలో నక్షత్రకాంతిని ఢీకొని కొన్ని నశిస్తాయి. ఎన్ని నశించాయో లెక్కిస్తే, గెలాక్సీలన్నీ ఇంతకాలం వెదజల్లిన వెలుగు మొత్తం తేలుతుంది. ఫెర్మి ఉపగ్రహ బృందం 2018లో 739 బ్లేజార్లతో, అంటే గామా కిరణాలు చిమ్మే గెలాక్సీ కేంద్రాలతో, ఈ లెక్క కట్టింది. మేస్ లాంటి టెలిస్కోప్‌లు చేయగలిగిన కొలతల్లో ఇదొకటి. నేను తీసేసే నేపథ్యమే ఇంకొకరికి అసలు సరుకు.

ఆస్ట్రోశాట్ ఆర్కైవ్‌ను ఇస్రో అందరికీ ఉచితంగా తెరిచి ఉంచింది. ఆస్ట్రోపై లాంటి పైథాన్ లైబ్రరీలూ ఉచితమే. రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా పైథాన్ రానివాళ్లు తక్కువ. ఈ వారాంతం ఒక చిత్రం దింపుకోండి. గెలాక్సీ జోలికి వెంటనే పోకుండా, ముందు ఖాళీ చోట ఎన్ని ఫోటాన్లు పడ్డాయో లెక్కపెట్టండి.